ఎడమ దవడ

డైరెక్టరు రావడానికి ఇంకో గంట కూడా లేదు. మూడువేల ఏళ్లనాటి ఆడమనిషి పుర్రెకు అచ్చు తీసి, దాని మీద మట్టితో ముఖం చేస్తున్న మ్యూజియం శిల్పి వెనక్కి జరిగి చూసుకుంది. కొలతలన్నీ సరిపోయాయి. డైరెక్టరు అడిగిన చిరునవ్వు కూడా పెట్టింది. అయినా ఆ ముఖం ఎవరిదీ కానట్టే ఉంది.

భోజనం తెచ్చిన అత్తగారు, పంటినొప్పితో బుగ్గ పట్టుకుని, అద్దాల పెట్టెలోని అసలు పుర్రెను చూసింది.

"ఎడమ దవడకి ఈ చిల్లేంటే?"

"పంటి కింద చీము పట్టి ఎముకని తినేసింది అత్తయ్యా. అచ్చులో నేనే మైనంతో పూడ్చేశాను. చిల్లు కనిపిస్తే పూడ్చడం మాకు అలవాటు."

"నీ అలవాటు తగలెయ్య. మూడు రోజుల పంటినొప్పికే నా ప్రాణం పోతోంది. ఈమెచేత నవ్విస్తున్నావా?"

శిల్పి పుర్రెనోసారి, అత్తగారి బుగ్గనోసారి చూసింది. గబగబా ఎడమ బుగ్గకు మట్టి అద్ది వాపు తెచ్చింది. నవ్వు చెరిపి, పెదవి కొస కిందికి దించి, ఆ వైపు కన్ను కాస్త ముడిచింది.

తలుపు తెరుచుకుంది.

"నవ్వేదమ్మా?" అన్నాడు డైరెక్టరు చిరాగ్గా.

శిల్పి నోరు తెరిచేలోపే, ఆ మట్టి ముఖాన్ని చూస్తున్న ఆయన చెయ్యి ఆయనకు తెలియకుండా తన ఎడమ బుగ్గ మీదికి వెళ్లింది.