తల్లిని ఎవరడిగారు

కాలు విరిగిందట, సరిగ్గా అవీస్ పుట్టిన రోజే విరిగిందట, గుడి కప్పు మీద గడ్డి సర్దుతూ నిచ్చెన మీంచి జారాడట, అందుకే పదహారేళ్ళయిందని తనకు గట్టిగా గుర్తట, వేదగ్రంథం మీద అరచెయ్యి పెట్టి మరీ చెబుతున్నాడు ఆస్‌బర్ట్, ఊళ్ళో సగం ఇళ్ళకు కప్పు వేసిన ఆస్‌బర్ట్, ఎంత పచ్చి అబద్ధం, గోడవారగా బల్ల చివర కూర్చున్న సబీనాకు ఒళ్ళు మండిపోయింది, వాడి కాలు విరిగింది అంతకు రెండేళ్ళ ముందు, నిచ్చెనా లేదు గిచ్చెనా లేదు, తప్పతాగి మిల్లు కాలవలో పడ్డాడు, దుప్పటి చింపి కట్టు కట్టించింది తనే, మంచి దుప్పటి, పెళ్ళినాటిది, ఇప్పుడు వాడు ఆ కాలు చూపించి ఆమె కూతురి వయసు చెబుతున్నాడు, ఆ పిల్లను తొమ్మిది నెలలు మోసిన మనిషి కళ్ళెదుట కూర్చుని ఉండగా, తల్లిని ఎవరడిగారు, ఆడది ప్రమాణం చెయ్యకూడదట, ఆడదాని మాట చెల్లదట, గడ్డి కప్పేవాడి కాలు చెల్లుతుందట.

చెల్లాలి, దేవుడా, అబద్ధమో సుబద్ధమో ఎలాగైనా ఇవాళ చెల్లాలి, ఈ చల్లటి గుడిలో రాజుగారి భూముల అధికారి ఎదుట పన్నెండుగురు మగవాళ్ళు అవీస్‌కు పదహారు నిండాయని ఒప్పించగలిగితే తండ్రి భూమి పిల్లకు వస్తుంది, పిల్ల తల్లికి వస్తుంది, పదిహేనే అని తేలిందా, ఇంకో ఏడాది, రాజు దగ్గర్నించి పిల్లనూ భూమినీ పుచ్చుకున్న సర్ ఫుల్క్ చేతిలోనే, ఏడాదెందుకు, ఆరు వారాలు చాలు వాడికి, క్రిస్మస్ ఉపవాసాలు మొదలైతే పెళ్ళిళ్ళు చెయ్యరు కనక ఈలోపే తన తమ్ముడి కొడుకు ఓడోకి కట్టబెట్టేస్తాడు, ఇప్పటికి ఇద్దరు పెళ్ళాలను సమాధికి పంపిన ఓడోకి, కుక్క అన్నం దగ్గర మొరిగిందని బూటు కాలితో దాని పళ్ళు రాలగొట్టిన ఓడోకి, ఆ తర్వాత పదహారొస్తే ఏం, ఇరవై వస్తే ఏం, మెడలో ఓడో ఉంటాడు, పన్నెండుగురిలో నలుగురి మాట అయింది, ఇంకా ఎనిమిది మంది, మంత్రసాని గున్నిల్డా బతికి ఉంటే, అయినా అదీ ఆడదే, దాన్నీ అడిగేవాళ్ళు కాదు, జ్ఞానస్నానం ఇచ్చిన పాత ఫాదర్ పోయాడు, ఆయన ప్రార్థన పుస్తకం వెనక రాసిన తేదీని ఎలుకలు తినేశాయి, ఊళ్ళో ఇంత చీజ్ ఉంటే వాటికి అదే కావలసి వచ్చింది.

అదిగో పిల్ల, ఫుల్క్ పక్కన, ముందు వరసలో, రెండేళ్ళలో ఇది మూడోసారి చూడటం, ఆ చేతులేమిటి అంత బయటికి ఉన్నాయి, అయ్యో, ఆ నీలం గౌను, అది తను కుట్టిందే, రెండేళ్ళ కిందట తీసుకుపోయిన రోజున వేసి పంపిందే, చేతులు మోచేతుల దాకా వచ్చేశాయి, చంకల దగ్గర కుట్లు ఊడుతున్నాయి, వాడింట్లో గుడ్డకు కరువా, తన భూమి మీద గొర్రెల బొచ్చంతా వాడి గోదాముల్లోనే ఉందే, కావాలని వేయించాడు, జడ కూడా రెండు పాయలు చేసి పసిపిల్లలా వెనక్కి వదిలించాడు, చిన్నపిల్లలా కనపడాలని, అధికారి కళ్ళకు పదిహేను కూడా ఎక్కువే అనిపించాలని, వీడి మొహం మండ, కన్నతల్లి చేతి కుట్టునే తల్లి మీదికి సాక్ష్యం తెచ్చాడు కదా, అమ్మా ఇలా చూడవే, ఒక్కసారి, చూడదు, చూడకూడదని చెప్పి ఉంటారు, మెడ ఒంచుకుని కూర్చుంది, మెడ మీద చిన్న మచ్చ, అది పుట్టినప్పుడు లేదు, ఏమిటది, కాలిందా, ఎవరు చేశారు, ఎవర్ని అడగాలి.

తర్వాతివాడు మిల్లు జోర్డాన్, పొట్ట ముందు, మనిషి వెనక, దొరా, ఆ రోజు మా ఆవు కవల దూడల్ని ఈనింది, నేను ఆ సంబరంలో గుడి మీదుగా పోతుంటే పసిబిడ్డను లోపలికి తీసుకుపోవడం చూశాను, పునీత మికాయేలు పండగ మర్నాడు దొరా, నాకు బాగా గుర్తు, ఏం గుర్తురా నీ మొహం, ఈ ఊళ్ళో ఏ ఆవూ ఎప్పుడూ కవలల్ని ఈనలేదు, ఈని ఉంటే నీ నోటి వెంట ఈ పదహారేళ్ళూ వినలేక చచ్చేవాళ్ళం, ఇంకొకడు ఆ రోజే తండ్రిని పూడ్చాడట, ఇంకొకడికి ఆ రోజే ఇల్లు తగలబడిందట, తేదీ మాత్రం అందరిదీ ఒకటే, అది నిజం, మికాయేలు పండగ మర్నాడే, తెల్లవారుజామున మొదలై పొద్దెక్కేదాకా నెప్పులు, ఎదుటి పెరట్లో యాపిల్ పళ్ళు దులుపుతున్న చప్పుడు, దొరసానమ్మా ఆడపిల్ల అని గున్నిల్డా గొంతు తగ్గించి చెప్పడం, తగ్గించడమెందుకే గట్టిగా చెప్పు అని తను అరవడం, ఆ ఒక్క నిజం తన దగ్గరుంది, అది చెప్పడానికి వీళ్ళకి ఇన్ని అబద్ధాలు కావాలా, చూడు, ఫుల్క్ గుమాస్తా లేచాడు, సన్నగా నవ్వుతున్నాడు, అయ్యా, ఈ ఊరికి ఆ రోజు ఎంత కష్టమొచ్చిందయ్యా, ఒకడి కాలు విరిగింది, ఒకడి ఇల్లు కాలింది, ఒకడి తండ్రి పోయాడు, ఒక్క మిల్లు ఆవు మాత్రమే సుఖపడింది, గుడి నిండా నవ్వులు, అధికారి కూడా గడ్డం కింద చెయ్యి పెట్టుకుని నవ్వాడు, నవ్వండి, మీ సొమ్మేం పోయింది, వెధవల్లారా, వచ్చినవాళ్ళు కాస్త నమ్మేలా అబద్ధమాడటం కూడా చేతకాదా, నా కూతురి బతుకు మీ ఆవు తోకకు కట్టారు కదరా.

తన బతుకూ ఇలాగే కట్టారు, అప్పుడు తనకు పదమూడు, నాన్న పోయాడు, రాజుగారి దగ్గర నేరుగా భూమి పట్టినవాడు పోతే వయసు చాలని వారసుల మీద హక్కు రాజుగారిదట, ఆయన ఆ హక్కును ఎవరికో ఇచ్చాడు, వాడు ఇంకెవరికో అమ్మాడు, కాగితంలో ఒక మిల్లు, రెండు గొర్రెల దొడ్లు, ఒక పిల్ల అని రాశారని తర్వాత తెలిసింది, దొడ్ల తర్వాత తన పేరు, పేరు కూడా కాదు, పిల్ల అని, మొగుణ్ణి పెళ్ళి రోజునే చూసింది, వారిన్ మంచివాడు కావడం తన అదృష్టం, చెడ్డవాడైతే ఎవరు ఆపేవాళ్ళు, ఆ మంచివాడు రెండేళ్ళ కిందట లూకా పండగ నాడు, నాలుగు రోజుల జ్వరంతో, ఇంకా మట్టి ఆరలేదు, అధికారి మనుషులు దిగారు, గాదెలు కొలిచారు, గొర్రెల్ని లెక్కపెట్టారు, తన పెట్టెలో దుప్పట్లు తిరగేశారు, వారసురాలెవరు, వయసెంత, అప్పుడే ఊరి పెద్ద హామో వంటింటి గుమ్మంలోకి వచ్చి టోపీ తీసి, వద్దు, అది ఇప్పుడెందుకు, ఏదో పిండి కలుపుతోంది తను, చేతులు రెండూ పిండే, వద్దంటుంటే, ఫుల్క్ సంగతి చూడు ముందు, ఫుల్క్ పిల్లను తీసుకుపోవడానికి గుర్రం కూడా తేలేదు, తమ గుర్రాన్నే విప్పి దాని మీదే ఎక్కించుకుపోయాడు, పిల్ల వెనక్కి తిరిగి చూస్తూనే ఉంది వంతెన దాటేదాకా.

హామో లేచాడు, పన్నెండోవాడు, ఆఖరివాడు, ముసలాడు, ఈయన ఏ ఆవు కథ చెబుతాడో, దొరా, నాకు ఆవు లేదు, కాలూ విరగలేదు, ఆ పిల్ల పుట్టిందని గుడి గంట కొట్టింది నేనే, అంతే, అమ్మయ్య, ఒక్కడైనా నిజం చెప్పాడు, ఆ గంట తనూ విన్నది మంచంలో పడుకుని, కాని గుమాస్తా అప్పుడే పాత తోలు కాగితం చుట్ట విప్పుతున్నాడు, అయ్యా, రెండేళ్ళ కిందట వారిన్ దొర పోయినప్పుడు ఇదే ఊళ్ళో విచారణ జరిగింది, ఇదిగో, ఇదే హామో, ఇదే జోర్డాన్, ఇదే ఆస్‌బర్ట్, ఇదే గ్రంథం మీద ప్రమాణం చేసి చెప్పారు, వారసురాలు అవీస్, వయసు పదమూడు, పదమూడుకు రెండు కలిపితే పదిహేనే కదయ్యా, లేక ఈ ఊళ్ళో పదహారా, మళ్ళీ నవ్వులు, ఈసారి అధికారి నవ్వలేదు, హామో, అప్పుడు చెప్పింది నిజమా ఇప్పుడు చెప్పేది నిజమా, రెంటిలో ఒకటి దొంగ ప్రమాణం, దొంగ ప్రమాణానికి జైలని తెలుసు కదా, తెలుసు దొరా, మరి అప్పుడు పదమూడని మీకెవరు చెప్పారు, ఆస్‌బర్ట్ తన కాలి వంక చూసుకుంటున్నాడు, జోర్డాన్ పైకప్పు వంక, పన్నెండుగురిలో ఒక్కడు కూడా గోడవార బల్ల వైపు చూడటం లేదు, చూడకుండా ఉండటానికి అంత కష్టపడుతున్నారు, ఎవరూ చెప్పలేదు దొరా, అన్నాడు హామో, మేమే లెక్క తప్పాం, ముసలి బుర్రలు, ఏ శిక్ష వేస్తే అది పడతాం, పిల్లకు మాత్రం పదహారు నిండాయి.

లెక్క తప్పారా, హామో లెక్క తప్పాడా, ఊళ్ళో ఏ గొర్రె ఏ వారం ఈనిందో చెప్పగల హామో, అప్పుడా వంటిల్లు ఇక ఆగలేదు, వద్దన్నా వచ్చింది, పిండి, పొయ్యి, గుమ్మంలో టోపీ చేత్తో పట్టుకున్న హామో, దొరసానమ్మా, అధికారి మనుషులు బుజ్జమ్మ వయసు అడుగుతున్నారు, మాకు పధ్నాలుగని గుర్తు, అయినా కన్నతల్లివి నీకు తెలిసినంత మాకేం తెలుస్తుంది, ఎంత చెప్పమంటావు, తను చేతులు కడుక్కోను కూడా లేదు, ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం ఆలోచించింది, తనను పదమూడుకు అమ్మారు పధ్నాలుగుకు పెళ్ళి చేశారు, పెద్దపిల్ల అంటే వెంటనే ఎవడికో కట్టేస్తారు, చిన్నదంటే కొన్నాళ్ళు ఆగుతారు, పదమూడు, హామో, పదమూడని చెప్పు, హామో ఆమె మొహం వంక చూశాడు, అలాగే తల్లీ అన్నాడు, వెళ్ళాడు, పదకొండుగురికీ చెప్పాడు, అందరూ గ్రంథం మీద చెయ్యి పెట్టారు, ఆ మాట మీదే, తండ్రి పోయేనాటికి పధ్నాలుగు నిండిన పిల్ల మీద ఏ రాజుకూ ఏ ఫుల్క్‌కూ హక్కే ఉండదని, నిండకపోతేనే పదహారు దాకా వాళ్ళ చేతిలో ఉండాలని ఏడాది తర్వాత కొత్త ఫాదర్ చెప్పేదాకా తనకు తెలియదు, ఎవరు చెప్పారు గనక, చట్టాలన్నీ లాటిన్‌లో, పధ్నాలుగు నిండి అప్పటికి పద్దెనిమిది రోజులు, ఉన్నది ఉన్నట్టు చెప్పి ఉంటే పిల్ల ఇల్లు కదిలేది కాదు, ఆ గుర్రం ఎక్కేది కాదు, ఆ మెడ మీద ఆ మచ్చ, ఫాదర్ చెప్పిన రోజు నుంచి తను తిట్టని మనిషి లేడు, రాజును, ఫుల్క్‌ను, గుమాస్తాను, ఎలుకల్ని, ఇవాళ పొద్దుటి నుంచి వీళ్ళని, తన అబద్ధాన్ని కప్పడానికి ఊరు ఊరంతా కాళ్ళు విరగ్గొట్టుకుని ఇళ్ళు తగలబెట్టుకుని ఆవుల్ని ఈనించుకుని ఇక్కడ నిలబడితే, జైలుకైనా పోతాం గాని ఆమె పేరు మాత్రం చెప్పం అని నిలబడితే, సిగ్గు లేకుండా వాళ్ళనే.

అయితే మీదంతా అబద్ధమే అన్నమాట అంటున్నాడు అధికారి, గుమాస్తా కాగితం చుట్టేస్తున్నాడు, ఫుల్క్ చెయ్యి పిల్ల భుజం మీద పడింది, సబీనా లేచి నిలబడింది, ఎప్పుడు లేచిందో ఆమెకే తెలియదు, బల్ల కిర్రుమన్న చప్పుడుకు గుడంతా ఇటు తిరిగింది, హామో వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు, మొట్టమొదటిసారి అవీస్ మెడ ఎత్తి అమ్మ వంక చూసింది, కూర్చో అమ్మా, ఆడవాళ్ళకి ఇక్కడ మాట లేదు, నిన్నెవరూ అడగలేదు అన్నాడు అధికారి, అడిగారు, అనుకుంది సబీనా నడవలోకి అడుగు వేస్తూ, ఒక్కసారి అడిగారు, టోపీ తీసి మర్యాదగా అడిగారు, అప్పుడు నేను అబద్ధం చెప్పాను, ఇవాళ ఎవరూ అడగక్కర్లేదు.