తవిటినాయుడి పబ్లిక్ టాక్

నేను ఒక మైకును. ఏ దేశపు ఫ్యాక్టరీలో పుట్టానో నాకు తెలియదు. ఊహ తెలిసేసరికి విశాఖపట్నంలో ఒక విలేకరి చేతిలో ఉన్నాను. ఆయన నన్ను నాయకుల నోటి ముందు పెట్టేవాడు. వాళ్లు ఎంతసేపు మాట్లాడినా ఏమీ చెప్పేవారు కాదు. కొత్త మైకు వచ్చాక ఆయన నన్ను విజయనగరం ప్రదీప్‌కు ఇచ్చేశాడు. ప్రదీప్‌ది యూట్యూబ్ చానల్. కొత్త సినిమా పడిన రోజు హాలు గేటు దగ్గర నిలబడి, బయటికొచ్చే వాళ్లను ఎలా ఉందని అడగడం అతని పని.

అక్కడే నాకు తవిటినాయుడు పరిచయమయ్యాడు. ఆర్టీసీ కండక్టరుగా రిటైరైన మనిషి. ఏ సినిమా వచ్చినా మొదటి ఆటకు హాజరు. "ఈరోకి ఇంటర్వెల్ దాకా సైకిలు నేదు. ఇంటర్వెల్ అయ్యాక ఇమానమెక్కేసినాడు. మద్దిలో ఏటైందో మాకూ సెప్పాల కదా!" అనేవాడు. ఇంకో సినిమాకు, "పాటలు బాగున్నాయి గాని కత అడ్డమొచ్చింది" అన్నాడు. ఆయన నోరు విప్పితే నాకు పండగే.

ఒక శుక్రవారం చిన్న సినిమా ఒకటి వచ్చింది. మంచాన పడ్డ తమ్ముడు, వాడికి సేవ చేసే అన్న. అన్న వేషం వేసింది ఈ ఊరి ఈశ్వరరావు. వయసంతా నాటకాలకే ధారపోసిన ఆయనకు అదే మొదటి సినిమా. ఆట సగంలో ఉండగానే తవిటినాయుడు ఒక్కడే బయటికొచ్చాడు.

"నా వల్ల కానేదు ప్రదీపూ. మద్దిలో లేసొచ్చేసినాను. అన్న ముద్ద పెడతంటే తమ్ముడు మూతి బిగించేత్తాడు... మా తమ్ముడు అప్పన్న కూడా ఆకర్రోజుల్లో అలాగే సేసీవోడు. ముద్ద నా సేతిలోనే ఉండిపోయీది. అంత నిజంగా తీసినారు. ఈశ్వర్రావు ఏసం కట్టనేదు, బతికినాడు. అందరూ సూడండి."

ప్రదీప్ ఇంటికెళ్లి కంప్యూటరు ముందు కూర్చున్నాడు. మొదటి రెండు మాటలూ ఉంచి మిగతాదంతా కోసేశాడు. చివర గాడిద ఓండ్ర అతికించాడు. నేను ఆ బల్ల మీదే పడి ఉన్నాను. విన్నదంతా నాకు గుర్తుంది. ఎవరికి చెప్పను?

మర్నాటికల్లా ఊళ్లో ఏ ఫోనులో చూసినా అదే. తవిటినాయుడు రొప్పుతూ హాలు గేటు దగ్గరున్న ప్రదీప్ దగ్గరికి వచ్చాడు.

"మిగతా మాటలేవిరా?"

"అంతా పెడితే ఎవరు చూస్తారు బాబాయ్? నీకెంత పేరొచ్చిందో చూడు!"

ఆయన హాలు ముందు నిలబడి, పోస్టరు చూసి వెనక్కి మళ్లుతున్న వాళ్లను బతిమాలాడు. "మంచి సినిమా బాబూ, ఎల్లండి." వాళ్లు ఆయన్ను గుర్తుపట్టి, "నా వల్ల కానేదు ప్రదీపూ" అంటూ పక్కన నిలబడి సెల్ఫీలు తీసుకున్నారు.

సినిమా ఎత్తేసే రోజు ఈశ్వరరావు ఉదయం ఆట వేళకు వచ్చాడు. పక్క హాల్లో కొత్త సినిమా పడడంతో ప్రదీప్ నన్ను పట్టుకుని అక్కడే ఉన్నాడు. లోపల కుర్చీలన్నీ ఖాళీ.

"అంత గోరంగా సేసినానా నాయుడన్నా?" అని అడిగాడు. ఆ గొంతులో కోపం లేదు. తవిటినాయుడు బదులు చెప్పేలోగానే ఈశ్వరరావు ఆయన భుజం తట్టి వెళ్లిపోయాడు.

తవిటినాయుడు లోపలికెళ్లి, ఈసారి చివరిదాకా చూశాడు. బయటికొచ్చి నేరుగా ప్రదీప్ ముందు చెయ్యి చాచాడు. "ఆ మైకు ఇలాగియ్యి." ప్రదీప్ నా స్విచ్చు ఆపేసి అందించాడు.

"ముద్ద దగ్గర లేసిపోయి తప్పు సేసినాను. ఆ ఎనకాలే తమ్ముడు ఆ ముద్ద తీసి అన్న నోట్లో ఎడతాడు. ఈశ్వర్రావు నమలనేడు, మింగనేడు. అలాగే సూస్తా ఉంటాడు. ఆ సీను కోసం ఎల్లండి." చాలాసేపు చెప్పాడు. ప్రదీప్ బుద్ధిగా తలాడించాడు. ఆగిపోయిన మైకుకు వినపడదని మీరనుకుంటారు. వినపడుతుంది. ఎవరికీ చేరదు, అంతే.

"సాయంత్రానికి ఎడతావా?"

"పెడతాను బాబాయ్."

తవిటినాయుడు నన్ను తిరిగిచ్చేసి, అక్కడే నిలబడి ఫోను చేశాడు. "ఈశ్వర్రావూ, సాయంత్రం ఫోను సూడు. మీ ఆవిడికి కూడా సూపించు. అంతా సెప్పేసినాను."