ఏడో మాట

చిరిగిన చోట వలను రెండు కాళ్ల బొటనవేళ్లకూ తగిలించి బిగలాగి, సత్తయ్య ఒక్కో కన్నూ వేసుకుంటూ వస్తున్నాడు. సూది లోపలికి దూరుతుంది, దారం మెలిక పడుతుంది, ముడి బిగుస్తుంది. ఉన్నట్టుండి ఒక ముడి జారింది. విప్పి మళ్లీ వేశాడు. మళ్లీ జారింది. ఇరవై ఏళ్లుగా గిలకలదిండి రేవులో వలలు బాగుచేసి బతుకుతున్న మనిషి. ఒకే ముడి రెండుసార్లు జారడం తన చేతుల్లో ఎప్పుడూ చూడలేదు.

నిజానికి ఆ పూట ఆ వలతో ఎవరికీ పని లేదు. ఢిల్లీ గద్దె కోసం ఓట్లు వేసే రోజు. పల్లెలో ఒక్క బోటూ కదలలేదు. చేతులు ఖాళీగా ఉంటే బుర్ర ఊరుకోదని, చీకటి విడవకముందే వల ముందేసుకుని ఇంటి ముందు ఇసుకలో కూర్చున్నాడు. అయినా బుర్ర ఊరుకోలేదు. ఎనిమిదింటికి ఒక మాట చెప్పాలి. ఆ మాట మీద నాలుగొందల పన్నెండు ఓట్లు ఆగి ఉన్నాయి.

అరవైకి దగ్గరపడ్డవాడు. పొడుగ్గా, సన్నగా ఉంటాడు. వలల మీద వంగి వంగి మెడ ముందుకు సాగింది. కుడిచేతి చూపుడువేలి మీద దారం కోసిన గాడి లోతుగా పడిపోయింది. ఎడమ మోచేతి నుంచి భుజం దాకా చర్మం ముడతపడి, నున్నగా మెరుస్తూ ఉంటుంది. ఉప్పెన రోజు తుమ్మచెట్టును కావిలించుకుని తెల్లవార్లూ వేలాడిన గుర్తు అది. దాన్ని దాచడానికి ఎండాకాలంలో కూడా పొడుగుచేతుల చొక్కా వేస్తాడు.

ఆ పల్లెలో ఓటు పల్లె మొత్తానిది. ఎన్నికలొచ్చినప్పుడల్లా ఏడుగురు పెద్దలు కూర్చుని ఎవరికి వేయాలో తేలుస్తారు. తేల్చింది గుట్టుగా ఉంచి, పోలింగు రోజు పొద్దున అమ్మవారి గుడి ముందు చెబుతారు. ముందే చెబితే రెండో పార్టీవాళ్లొచ్చి ఇంటింటా పుల్లలు పెడతారని భయం. మాట వినగానే ఇంటికొకరు ముందుకొచ్చి గుడి ముందున్న బోటు తాడు ముట్టుకుంటారు. తర్వాత అందరూ కలిసి ఓట్లు వేసే బడికి నడుస్తారు. తాడు ముట్టి మాట తప్పినవాణ్ణి మళ్లీ ఎవరూ బోటు ఎక్కించుకోరు. పల్లెకు కరెంటు వచ్చినా, కుళాయి వచ్చినా ఈ కట్టుబాటు వల్లేననీ, విడివిడిగా వేస్తే చేపలు పట్టేవాళ్ల మొహం ఎవరు చూస్తారనీ పెద్దలంటారు. అందులో అబద్ధమేమీ లేదు.

సత్తయ్య ఆ ఏడుగురిలో ఏడోవాడు. తెలివి చూసి అతన్ని పెద్దను చేశారనుకుంటే పొరపాటే. ఎవరితోనూ తగువు లేదు, ఎవరికీ ఎదురు చెప్పడు, కూర్చోమంటే కూర్చుంటాడు. పన్నెండేళ్లుగా మిగతా ఆరుగురూ ఒక మాట అనుకోవడం, ఇతను తలాడించడం. అలాంటి పెద్దరికం ఎవరికైనా సుఖమే. ఈసారి ఆ ఆరుగురూ ముగ్గురూ ముగ్గురుగా చీలిపోయారు. మూడు రోజులు అరుచుకున్నారు, చొక్కాలు పట్టుకున్నారు. చివరికి అందరి కళ్లూ సత్తయ్య మీద పడ్డాయి.

ఢిల్లీలో కూర్చోవాలనుకునే నాయకులిద్దరూ ఆ నెలలోనే బందరు వచ్చి వెళ్లారు. ఒకాయన హెలికాప్టర్లో దిగాడు, ఇంకొకాయన వ్యాను మీద నిలబడి వచ్చాడు. పార్టీల పేర్లకన్నా పల్లెవాళ్లకు ఈ గుర్తులే నోటికి సులువయ్యాయి: హెలికాప్టరాయన, వ్యానాయన. సత్తయ్యను రెండు సభలకూ లారీ ఎక్కించి తీసుకెళ్లారు.

హెలికాప్టరాయన హిందీలో ఉరిమాడు, పక్కనున్నవాడు తెలుగులో ఉరిమాడు. బోట్లు సముద్రంలోకి దాటే రేవు మొగలో పూడిన ఇసుక తవ్విస్తానన్నాడు, ఐసు ఫ్యాక్టరీ పెట్టిస్తానన్నాడు, తీరం పొడుగునా రోడ్డు వేయిస్తానన్నాడు. మీ కష్టాలన్నీ నాకు తెలుసు, ఓటేసి ఇంటికెళ్లి హాయిగా పడుకోండి అన్నాడు. మైదానమంతా దుమ్ము లేపి ఎగిరిపోయాడు. ఆ దుమ్ములోనే జనం చప్పట్లు కొట్టారు, సత్తయ్య కూడా కొట్టాడు.

వ్యానాయన రేవు రోడ్డు మలుపులో ఆగాడు. ఎండకు మొహం కమిలిపోయింది, గొంతు బొంగురుపోయింది. చేపలమ్మే పున్నమ్మ గుంపును తోసుకెళ్లి, తుపానొస్తే మేమెక్కడికి పోవాలి, షెల్టరు ఎప్పుడు కడతారని నిలదీసింది. ఆయన పక్కవాళ్లను అడిగాడు. వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. “నాకు తెలియదమ్మా. కనుక్కుంటాను” అన్నాడు, వచ్చీరాని తెలుగులో. జనం ఘొల్లుమన్నారు. తెలియనివాడు ఢిల్లీలో ఏం వెలగబెడతాడని వారం రోజులు రేవంతా వేళాకోళమే. సత్తయ్య మాత్రం నవ్వలేదు. ఆ మాట అతన్ని పట్టుకుంది. ఎందుకు పట్టుకుందో అతనికి తెలుసు, ఎవరికీ చెప్పలేదు.

ఆరున్నరకు శోభనాద్రి వచ్చాడు. మూడు బోట్ల ఆసామి, పెద్దల్లో పెద్ద. సత్తయ్య కాళ్లకు తగిలించుకున్న వల కూడా ఆయనదే. కూర్చోకుండా నిలబడే మాట్లాడాడు.

“ఏం బావా, ఏమనుకున్నావు?”

“ఇంకా ఏమీ అనుకోలేదు.”

“అనుకోటానికేముంది? మొగ పూడిపోయి బోట్లు ఇసుకలో కూరుకుపోతన్నాయి. తవ్విస్తానన్నోడు కావాలా, కనుక్కుంటానన్నోడు కావాలా?”

“నువ్వన్నదీ నిజమే.”

“నిజమేనని నాకు చెప్తే సరిపోదు, గుడికాడ చెప్పాలి. అటు మాట పడిందా, నా బోట్లు నిజాంపట్నం తోలుకుపోతా. ముప్పై కుటుంబాలు నా వెనకాల వస్తాయి. పల్లె నీ నోటి మీద రెండు ముక్కలవుద్ది, చూసుకో.”

ఆయన మలుపు తిరిగాడో లేదో కాంతారావు సైకిలు దిగాడు. రేవులో రొయ్యలు కొని గుడివాడ దాకా పంపే వ్యాపారి, పెద్దల్లో అందరికన్నా చిన్నవాడు. వస్తూనే ఇసుకలో చతికిలబడ్డాడు.

“మావయ్యా, ఆయన బెదిరించాడా?”

“అడిగిపోయాడు.”

“మొగ తవ్వితే బాగుపడేది బోట్లున్నోళ్లు. తెప్పలున్నోళ్ల సంగతేంటి? వ్యానాయన మనిషి మొన్న మళ్లీ వచ్చి షెల్టరు కోసం పల్లె లెక్కలు రాసుకెళ్లాడు. నిజంగానే కనుక్కుంటన్నాడు. ఉప్పెన చూసినోడివి, నీకు నేను చెప్పాలా?” అని, చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. “ఇటు మాట పడకపోతే మావాళ్లు తాడు ముట్టరు. కర్రలు కూడా తెచ్చుకున్నారు. నేనాపలేను మావయ్యా.”

కాంతారావు వెళ్లిపోయాక సత్తయ్య సూది కింద పెట్టేశాడు. ఒకడు ఊరొదిలి పోతానంటాడు, ఒకడు తలలు పగులుతాయంటాడు. రెండూ తన నోటి దగ్గరే ఉన్నాయి. తెప్ప మీద నడిసముద్రంలో కూడా ఇంత భయం వేసేది కాదు.

కోటమ్మ చద్దన్నం గిన్నె తెచ్చి పక్కన పెట్టింది. ఆమె అతని వదిన. ఒకే ఇంటిని మధ్యలో తడిక కట్టి రెండు చేసుకున్నారు. ఆమె వండుతుంది, ఇతను సంపాదించింది తెచ్చిస్తాడు. ఇద్దరి మధ్యా రోజుకు పది మాటలుంటే ఎక్కువ. ఒక్క సంగతి మాత్రం ఇరవై ఏళ్లలో ఇద్దరూ ఎత్తలేదు.

డెబ్భై ఏడులో వాళ్లు దివిసీమలో, సముద్రం ఒడ్డునే ఉండేవాళ్లు. గాలి చూసి చెప్పడంలో సత్తయ్యకు పెద్ద పేరు. ఆ శనివారం ఎవరో సైకిలు మీద వచ్చి, తుపానొస్తోంది, నాగాయలంక వెళ్లిపొమ్మని కేకేసి పోయాడు. పోదామా, ఉందామా అని అన్న అడిగాడు. సత్తయ్య బయటికొచ్చి, తడివేలు పైకెత్తి, నీళ్ల రంగు చూశాడు. “గాలి మళ్లింది. నాకు తెలుసు. రేపటికి సర్దుకుంటది, ఉందాం” అన్నాడు. చుట్టుపక్కల పదకొండిళ్లు ఆ మాట విని ఉండిపోయాయి. చీకటి పడేసరికి సముద్రం లేచొచ్చింది. మర్నాడు చెట్ల మీద మిగిలింది సత్తయ్య, కోటమ్మ, ఇంకో నలుగురు. అన్న పోయాడు. అన్న పిల్లలిద్దరూ పోయారు. సత్తయ్య భార్య పోయింది. అతన్ని నిందించడానికి కూడా పెద్దగా ఎవరూ మిగల్లేదు. మిగిలినవాళ్లు కూడా, ఉప్పెన ఎవరి మాట వింటుందిలే అన్నారు. ఆ తీరం పొడుగునా బతికి బయటపడ్డవాళ్లంతా బందరు చేరి ఈ పల్లె కట్టుకున్నారు. సత్తయ్య మళ్లీ తెప్ప ఎక్కలేదు. ఎవరేమడిగినా మీ ఇష్టం అనడం నేర్చుకున్నాడు.

“వదినా.”

లోపలికి వెళ్లబోతున్న కోటమ్మ ఆగింది.

“నన్ను చెప్పమంటన్నారు.”

“తెలుసు.”

“నా మనసు వ్యానాయన మీదుంది. తెలియదన్నాడు చూడు, అందుకు. కానీ ఇదీ గాలి చూసి చెప్పటమేగా? తప్పైతే? మళ్లీ నా మాట విని...”

కోటమ్మ చెంగుతో చేతులు తుడుచుకుంది. తుడుచుకున్న చేతులే మళ్లీ తుడుచుకుంది.

“ఆ రోజు గాలి మాకూ తగిలింది సత్తయ్యా. మాకు కళ్లు లేవా? మీ అన్నకి లోపల భయంగానే ఉంది, పోదామనే ఉంది. అయినా నిన్నడిగాడు. నువ్వు చెప్పావు. పోయి మంచం మీద పడుకున్నాడు. నీ మీద కోపం ఏడాదికే పోయింది. మీ అన్న మీద ఇంకా పోలేదు.”

“అన్న మీదా?”

“పిల్లల తండ్రి! తన బుర్రకి తోచింది తను చెయ్యకుండా నిన్నడిగాడు.” గిన్నె అతని ముందుకు జరిపింది. “తిను.”

సత్తయ్య తినలేకపోయాడు. ఇరవై ఏళ్ల తర్వాత మొదటిసారి అతనికి బిగ్గరగా ఏడవాలనిపించింది. ఏడిస్తే ఆమె చూస్తుందని వల మీదికి వంగి, జారిన ముడి మళ్లీ వేశాడు. ఈసారి నిలిచింది.

ఎనిమిదింటికి గుడి ముందు ఇసుక వేస్తే రాలనంత జనం. శోభనాద్రి మనుషులు ఒక పక్క, కాంతారావు మనుషులు ఒక పక్క. గోడకు ఆనించిన కర్రలను ఎవరూ చూడనట్టు నటిస్తున్నారు. మధ్యలో బోటు తాడు చుట్టగా పడి ఉంది. సత్తయ్య లేచి నిలబడ్డాడు.

“నాకు నచ్చినాయన ఒకడున్నాడు. నా ఓటు ఆయనకే వేస్తా. ఎవరో చెప్పను. చెప్తే మీరు నా మాట మీద వేస్తారు.”

“మరి పల్లె ఎవరికెయ్యాలి?” శోభనాద్రి అరిచాడు.

“రెండు సభలూ అందరం చూశాం. ఎవరికి తోచింది వాళ్లు వేసుకోండి. దివిసీమలో ఒకసారి చెప్పాను, పదకొండిళ్లు విన్నాయి. ఇంక చెప్పను.”

వంగి తాడు ఎత్తి, భుజాన వేసుకుని, గుడి లోపల మూలన పెట్టి వచ్చాడు.

ఒక్కసారిగా గోల లేచింది. కట్టుబాటు మంటగలిపాడని ఒకడు, పిరికిపంద అని ఇంకొకడు. శోభనాద్రి మీదమీదకొచ్చాడు. “చెప్పలేనోడివి పెద్దవెందుకయ్యావురా?”

“ఇంక కానులే బావా. మానేస్తన్నా.”

కర్రలు రెండు పక్కలా పైకి లేచాయి. అప్పుడు కోటమ్మ చెంగు నడుముకు బిగించి గుంపు మధ్య నుంచి బడివైపు నడవడం మొదలుపెట్టింది. ఆమె వెనకాల పున్నమ్మ కదిలింది, తర్వాత మరో పదిమంది ఆడవాళ్లు. వాళ్లలో ఎవరు ఎవరికి వేస్తారో ఇప్పుడు ఎవరికీ తెలియదు. ఎవణ్ణి కొట్టాలో తేలక కర్రలు పట్టుకున్నవాళ్లు కాసేపు అలాగే నిలబడి, అవి అక్కడే పారేసి నడిచారు.

బడి ముందు రెండు వరసలు, ఆడవాళ్లది ఒకటి, మగవాళ్లది ఒకటి. ఎవరి చీటీ వాళ్లు గుప్పిట్లో దాచుకున్నారు. సత్తయ్య వెనకాలే శోభనాద్రి నిలబడ్డాడు. ఆయన ఊపిరి మెడకు వేడిగా తగులుతోంది.

ఎండ ముదిరింది. సత్తయ్యకు ఎడమ చెయ్యి బరువెక్కింది. ఛాతీ మీద ఎవరో మోకాలు పెట్టినట్టుంది. ముందు ఇంకా పాతికమంది ఉన్నారు.

“బావా, కాస్త నీడన కూర్చుంటా. నా వంతు చూస్తావా?”

శోభనాద్రి మొహం తిప్పుకున్నాడు. సత్తయ్య రబ్బరు చెప్పులు విడిచి, వరసలో తన చోట పెట్టి, ఉత్తకాళ్లతో వెళ్లి బడి గోడకు చేరగిలబడ్డాడు. అక్కడి నుంచి వరస మొత్తం కనిపిస్తోంది. శోభనాద్రికి, కాంతారావుకి, పున్నమ్మకి, ఒక్కొక్కరికి ఒక్కో మొహం. ఇంతమంది ఇన్ని రకాలుగా ఆలోచిస్తున్నారని తలుచుకుంటే అతనికి భయం వేయలేదు. హాయిగా అనిపించింది.

వరస ఒక అడుగు కదిలింది. శోభనాద్రి ఆ చెప్పుల వంక చూడకుండానే కాలితో వాటిని ముందుకు తోశాడు. ఇంకో అడుగు కదిలితే మళ్లీ తోశాడు. ఒక చెప్పు పక్కకు జారితే తిట్టుకుంటూ వంగి, చేత్తో సరిచేశాడు.

కోటమ్మ వేలి మీద సిరా ఆరబెట్టుకుంటూ బయటికొచ్చింది. నేరుగా గోడ దగ్గరికి వెళ్లి, “నేను వేసొచ్చా సత్తయ్యా” అంది. అతను వరసవైపే చూస్తున్నాడు. రెండోసారి పిలిచి, భుజం మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి మెల్లగా అతని ఛాతీ మీదికి వెళ్లి అక్కడే ఆగిపోయింది. ఆమె అరవలేదు. పక్కన కూర్చుని, అతని గుప్పిట్లో నలిగిన ఓటరు చీటీని వేలు వేలు విడదీసి తీసి, ఒళ్లో పెట్టుకుంది.

“తర్వాతెవరు?” లోపలి నుంచి కేక వినిపించింది.

“బావా, నీ వంతొచ్చింది” అంటూ శోభనాద్రి వెనక్కి తిరిగాడు. కోటమ్మ మొహం చూశాడు. లోపలి మనిషి మళ్లీ కేకేశాడు. వెనకాల వరసంతా ఆగింది. శోభనాద్రి కదలలేదు, ఎవరినీ దాటి వెళ్లనివ్వలేదు. ఆయన కాళ్ల ముందు, తరగతి గది గుమ్మానికి ఆనుకుని, తెగిన పట్టీని పిన్నీసుతో నిలబెట్టుకున్న ఆ రబ్బరు చెప్పులు లోపలివైపు తిరిగి ఉన్నాయి.