కొమురమ్మ గొంతు

కొమురమ్మ పోయిందని ఆమె కొడుకు భిక్షం వచ్చి చెప్పగానే నాకు మొదట గుర్తొచ్చింది ఆమె గొంతు.

ఫిల్మ్‌నగర్‌లో ఇప్పుడు మేడలున్న చోట ఒకప్పుడు అన్నీ బండలే. వాటి మధ్య కొమురమ్మ బర్రెలు మేపేది. తొమ్మిదేళ్ళకే షేక్‌పేటకు కోడలై వచ్చింది. రాళ్ళు కొట్టే భర్త నడివయసు రాకుండానే పోతే, బర్రెల పాడితోనే అయిదుగురు పిల్లల్ని పెంచింది. ఊళ్ళో కాన్పులన్నీ ఆమె చేతి మీదే జరిగేవి. సాయంత్రం బండ మీదికెక్కి ఒక్క కేక వేసిందంటే అవతలి గుట్ట మీది బర్రె తల తిప్పేది. మా షూటింగులకు చల్ల తెచ్చి పోసేది కూడా ఆమే. ఒకసారి మేకప్‌తో మెరిసిపోతున్న మా హీరోని పట్టుకుని, "గింత పిండి పూసుకున్నవేంది బిడ్డా, మొఖం కడుక్కొని తాగు" అంది. ఆయన బుద్ధిగా కడుక్కొచ్చి తాగాడు.

ఎనభై మూడేళ్ళు బతికింది. మునిమనవల్ని ఎత్తుకుంది. అంత నిండు జీవితంలో ఆమె నన్ను కోరింది ఒక్కటే. అది నేను చెయ్యలేదు.

1987లో నేను అసిస్టెంట్ డైరెక్టర్ని. పాలకొల్లు నుంచి వచ్చి అప్పటికి నాలుగేళ్ళు. పెళ్ళికూతుర్ని సాగనంపే షాటులో ఒక ముసలమ్మ కావాలని మా డైరెక్టరు కొమురమ్మను నిలబెట్టాడు. కాగితం మీది డైలాగు, "జాగ్రత్త తల్లీ, నువ్వొచ్చేదాకా ఎదురుచూస్తుంటాను." ఆమె దాన్ని తన పద్ధతిలో చెప్పింది.

"పైలం బిడ్డా. నువ్వు మల్లొచ్చేదాంక నీ తొవ్వ జూస్త."

డైరెక్టరు కళ్ళు తుడుచుకుని ఓకే అన్నాడు. షాటులో పలికింది తెరకు పనికిరాదు, డబ్బింగ్ థియేటర్లో మళ్ళీ చెప్పాలి పెద్దమ్మా అని నేనే వివరించాను. ఆ రోజు నుంచి చల్ల పోస్తూ రోజూ అడిగేది, "గొంతు ఎన్నడియ్యాలె సారూ?" గొంతు పాడవుతుందని చింతపండు మానేసింది. ఇంట్లో పిల్లల ముందు ఆ మాటే పలికి చూసుకునేదట.

"కారు పంపిస్తాను పెద్దమ్మా" అన్నాను.

పంపలేదు. ఆ రోజు డబ్బింగు చూసుకునేది నేనే. కారు పంపి, ఆమెను తెప్పించి, తెర చూస్తూ పలకడం నేర్పేసరికి పూట గడిచిపోతుంది. నాకేమో భోజనాల వేళకు పని తెమిలిపోవాలి. తన పని ముగించుకున్న డబ్బింగ్ ఆర్టిస్టు ఒకావిడ ఎదురుగా కూర్చునే ఉంది. ఇంకో సంగతి కూడా ఉంది, చెప్పడానికి సిగ్గుగా ఉంది. కొమురమ్మ మాట తీరు మా సినిమాల్లో పనివాళ్ళకూ రౌడీలకూ తప్ప ఎవరికీ పెట్టేవాళ్ళం కాదు. ఏడిపించే సీనులో జనం నవ్వుతారేమో అనుకున్నాను. నన్నెవరూ ఇలా చెయ్యమనలేదు. కాగితం మీది డైలాగే ఆవిడ చేత చెప్పించాను. తెర మీద కొమురమ్మ పెదవులతో ఆ మాటలు కలవలేదు. నాలుగు క్షణాల ముక్క, ఎవడు చూడొచ్చాడులే అని వదిలేశాను.

కొమురమ్మ చూసింది. ఇరవై మందిని వెంటేసుకుని వెళ్ళి మరీ చూసింది. మర్నాడు చల్ల కుండ దింపి మెల్లగా అడిగింది, "గది నా గొంతు కాదు గదా సారూ?"

"మిషన్లో పడితే గొంతు అలాగే మారిపోతుంది పెద్దమ్మా."

ఆమె నమ్మింది. ఊరంతా నమ్మించింది. నేను గ్లాసెడు చల్ల తాగి పనిలో పడ్డాను.

తొమ్మిదేళ్ళ తర్వాత, కొమురమ్మ దినాల రోజున షేక్‌పేట వెళ్ళాను. వాకిట్లో కిరాయి వీసీఆర్ పెట్టి ఆ క్యాసెట్టే వేస్తున్నారు. ఆ ముక్క రాగానే అందరూ కొంగులు కళ్ళకద్దుకుంటున్నారు. భిక్షం నా చెయ్యి పట్టుకున్నాడు.

"మా అమ్మ గొంతు గిదొక్కటే మిగిలింది సారూ. మీ పుణ్యమే."

ముక్కూమొహం తెలియని మనిషి గొంతు విని వాళ్ళు ఏడుస్తున్నారు. ఇక నా వల్ల కాలేదు.

"అది అమ్మ గొంతు కాదు భిక్షం. మిషను మార్చనూ లేదు. నేనే వేరే ఆవిడతో చెప్పించి, అమ్మతో అబద్ధమాడాను. తప్పు నాదే."

భిక్షం చెయ్యి వదిలేశాడు. గడప వైపు చూస్తూ అన్నాడు, "రెండు దినాలు కొత్త చీర కట్టుకొని గడప మీద కూసున్నది సారూ, కారొస్తదని. బర్రెల కాడికి సుత పోలే."



భిక్షం లేచి క్యాసెట్టు వెనక్కి తిప్పాడు. టీవీ సౌండు పూర్తిగా తగ్గించాడు. తెర మీద కొమురమ్మ మళ్ళీ వచ్చి నిలబడింది, పెదవులు కదిపింది. వాటినే చూస్తూ ఆమె కూతురు నీలమ్మ అచ్చం తల్లిలాగే పలికింది.

"పైలం బిడ్డా. నువ్వు మల్లొచ్చేదాంక నీ తొవ్వ జూస్త."

ఒక్క అక్షరం కూడా పెదవి తప్పలేదు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో అంత సరిగ్గా కలిసిన డబ్బింగు నేను చూడలేదు. తల వంచుకుని చెప్పుల కోసం వెతుక్కున్నాను. నన్ను ఎవరూ ఆగమనలేదు.

"మల్లొకపారి ఎయ్యన్నా" అంటోంది నీలమ్మ.