ఎడమవైపు మొదటి మెట్టు

నేను ఒక కీబోర్డును. కీబోర్డులన్నీ మోగుతాయి, నేను విన్నది కూడా దాచుకుంటాను. అదీ నా గొప్ప. ఎక్కడో జపానులో పుట్టి, కాకినాడలో ఒక చర్చికి చేరాను. అక్కడ బుద్ధిగా ఆరాధన పాటలు వాయించాల్సిన సలోమి నాలోకి కుక్కరు కూత, కుట్టుమిషను చప్పుడు, పడవల మోటారు మోత ఎక్కించింది. ఓ ఆదివారం పాస్టరుగారు "ఇదేం గోలమ్మా!" అని మా ఇద్దర్నీ కలిపే ఇంటికి పంపేశారు.

ఆ గోలతోనే సలోమి పాటలు కట్టింది. తన గొంతు మాత్రం ఏ పాటలోనూ పెట్టలేదు. ఇవీ పాటలేనా అని నవ్వినవాళ్ళే తర్వాత పెళ్ళి ఊరేగింపుల్లో వాటికి చిందులేశారు. మనుషులంతే! ముందు తిట్టాలి, తర్వాత "మేం అప్పుడే చెప్పాం" అనాలి.

పనిలో పడితే పిల్లకి ఆకలి తెలిసేది కాదు. వాళ్ళమ్మ మార్తమ్మ వంటింట్లోంచి "అన్నం చల్లారిపోతోందే!" అని కేకేసేది. "వస్తున్నానే అమ్మా, ఒక్క నిమిషం!" అనేది సలోమి. చివరికి ఆ మాటే తన గొంతుతో నాలో ఎక్కించి, ఎడమవైపు మొదటి మెట్టులో పెట్టింది. అమ్మ కేకేస్తే మెట్టు నొక్కడమే. "దీని దుంపతెగ!" అని మార్తమ్మ నవ్వేది.

జ్వరమన్నారు, ఇంకేదో అన్నారు. ముప్పై నిండకుండానే సలోమి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత రోజూ మధ్యాహ్నం మార్తమ్మ కూతురి కంచంలో అన్నం పెట్టి, నా దగ్గరకొచ్చి, "చల్లారిపోతోందే" అని ఆ మెట్టు నొక్కేది. నేను పలికేదాన్ని. పిచ్చిదంటారని ఆవిడ ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు.

సలోమి పాటలు విని సంగీతంలోకి వచ్చినవాడు నౌషాద్. ఇవాళ పేరున్నవాడు. జ్ఞాపకార్థ కూడికకి వచ్చి, నా ఒంటి మీద దుమ్ము చూసి ఉసూరుమన్నాడు. "అమ్మగారూ, అక్క కీబోర్డు ఇలా ఉండకూడదు. కొత్తదానిలా చేసి తెస్తాను" అని నన్ను పసిపిల్లలా ఎత్తుకెళ్ళాడు. అతని పనంతా కంప్యూటరు మీదే. నాలాంటి పాతదాన్ని విప్పడం అదే మొదలు. నా లోపల బిళ్ళంత బ్యాటరీ ఒకటుంది. నేను దాచుకున్నదంతా దాని మీదే నిలుస్తుంది. పాతబడిందని దాన్ని పీకి కొత్తది వేశాడు. అయ్యో, వద్దురా నాయనా అనడానికి నాకు సొంత గొంతెక్కడిది?

తళతళలాడుతూ ఇల్లు చేరాను. మార్తమ్మ కంచం పెట్టి వచ్చి, ఆ మెట్టు నొక్కింది. పియానో మోగింది, చక్కగా, శ్రుతిలో. మళ్ళీ నొక్కింది. మళ్ళీ పియానోయే.

"బాగుందా అమ్మగారూ?" అన్నాడు నౌషాద్, ముఖమంతా నవ్వుతో.

ఆవిడ చాలాసేపు నా మీంచి చెయ్యి తియ్యలేదు. తర్వాత చెంగుతో కళ్ళు తుడుచుకుంది.

"బాగుంది నాయనా. కొత్తదానిలా ఉంది." సలోమి కంచం అతని ముందుకు జరిపింది. "కూర్చో, అన్నం చల్లారిపోతోంది."