కోడలు ఆడించిన పొడి

పొద్దున్నే మిల్లు గదిలోకి వెళ్లేముందు మిల్లత్త గుమ్మం పక్కనున్న రాగి తీగను ముట్టుకునేది. ఒంట్లో పుట్టే కరెంటు కాస్తా నేలలోకి పోవాలి. లేకపోతే గాల్లో తేలే పొడికి ఒక్క నిప్పురవ్వ చాలు, కొంప మునగడానికి. తర్వాత మిల్లులోకి చల్లగాలి వదిలి, ఇనుప పళ్లు జిల్లుమనేదాకా ఆగి, అప్పుడు సెల్యులోజ్ పెచ్చులు పోసేది. పత్తి నుంచీ కలప గుజ్జు నుంచీ తయారైన తెల్లటి పెచ్చులవి. ఓపిగ్గా ఆడిస్తే మెత్తటి పొడి అవుతాయి. తొందరపడితే మిల్లు వేడెక్కి, పెచ్చులు కరిగి బంకలా పళ్లకు పట్టుకుంటాయి. ఇక ఆ పూటంతా వాటిని గోకుతూ కూర్చోవాల్సిందే. జల్లెడ పట్టాక పొడిని వేళ్ల మధ్య రుద్ది చూసేది. వేలికి వేలే తగలాలి, నలక తగలకూడదు.

ఆ పొడి తలుపుల మీద పూతల్లోకి, దువ్వెనల్లోకి, కళ్లజోళ్ల ఫ్రేముల్లోకి వెళ్లేది. మిల్లత్త వీధిలో నడుస్తుంటే అవన్నీ మెరిసేవి. ఎవరి పొడి వాళ్లని గుర్తుపడుతుంది, అంతే. దువ్వెనల కొట్టాయన తలెత్తకుండానే "రండి మిల్లత్తా" అనేవాడు. ఇంటి తలుపు మెరవగానే కొడుకు టీకి నీళ్లు పెట్టేవాడు. ఆవిడ గొప్ప ఇంతా అంతా కాదు. ఎంత ఎండ కాస్తున్నా నీడవైపు కాకుండా దుకాణాలవైపే నడిచేది.

ఇప్పుడు మోకాళ్లు మొండికేశాయి. మిల్లు పని కోడలికి ఇమ్మని ఫ్యాక్టరీ యజమానిని అడిగింది. కొత్తవాళ్లకి మిల్లు అప్పగించాలంటే అక్కడ ఒకటే పరీక్ష. వాళ్లు ఆడించిన పొడిని పూతలో కలిపి కొత్త తలుపులకు వేస్తారు. ఆ మనిషి ముందు నుంచి నడిస్తే తలుపులు మెరవాలి.

మెరిశాయి కూడా, బ్రహ్మాండంగా. కాకపోతే తొంగిచూడ్డానికి వచ్చిన మిల్లత్తకి మెరిశాయి. కోడలు అటూ ఇటూ ఎంత తిరిగినా ఉలుకూ లేదు, పలుకూ లేదు. యజమాని ఇంకొక్క అవకాశం ఇస్తానన్నాడు. ఈసారీ కాకపోతే బయటి మనిషిని పెట్టుకుంటానని, కోడలు మళ్లీ సంచులు కుట్టే పనికి వెళ్లిపోవాలని తేల్చేశాడు.

"పోసింది నేను, ఆపింది నేను, గోకింది నేను. మెరుపు మాత్రం మీకా అత్తయ్యా?" అంది కోడలు ఇంటికి రాగానే.

"నేనేమైనా మెరవమని చెప్పానా వాటికి?"

"చెప్పక్కర్లేదు. నా వెనకే నిలబడి 'పోయ్, ఆపు, పోయ్, ఆపు' అన్నారు. నావి వట్టి చేతులు. పని మీదే."

కొడుకు టీ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు. వీళ్లిద్దరి మధ్య తల దూర్చేంత తెలివితక్కువవాడు కాదు. సంచులు కుట్టే రోజుల నుంచీ ఈ పిల్ల కిటికీ అద్దంలోంచి మిల్లుకేసే చూసేదని అతనికి తెలుసు. "నన్ను చేసుకుంది మా అమ్మ మిల్లు కోసమే" అని ఏడిపిస్తే కాదని కూడా అనేది కాదు.

నిజం చెప్పాలంటే, తలుపులు తనకి మెరిసినప్పుడు మిల్లత్తకి లోలోపల సంతోషమే వేసింది. ఇప్పుడు కోడలి ఎర్రబడ్డ కళ్లు చూస్తే సిగ్గేసింది.

"సరే, ఈసారి నేను గది బయటే కూర్చుంటాను. నోరు విప్పితే అడుగు" అంది.

కూర్చుంది. నోరు మూసుకుని కూర్చోవడం ఇంత కష్టమని ఆవిడకి అప్పుడే తెలిసింది. మధ్యాహ్నానికి మిల్లు గొంతు బొంగురుపోయింది, వేడెక్కుతోందన్నమాట. తనైతే వెంటనే ఆపేసేది. "ఆ..." అనబోయి చేతిరుమాలు నోట్లో కుక్కుకుంది. అద్దంలోంచి చూస్తే, కోడలు ఆపలేదు. పెచ్చుల్ని గుప్పెడు గుప్పెడు చొప్పున వేస్తూ చల్లగాలి పెంచింది. కాసేపటికి మిల్లు గొంతు సవరించుకుని మళ్లీ హాయిగా తిరిగింది. అలా చెయ్యొచ్చని మిల్లత్తకి ఏనాడూ తోచలేదు. ముందు మనసు చురుక్కుమంది, ఆ వెంటనే గుండె ఉప్పొంగింది.

పూతలు ఆరాక అందరూ తలుపులున్న షెడ్డులోకి వెళ్లారు. పోయినసారి తికమక గుర్తున్న యజమాని, "ముందు మీరు నడవండి మిల్లత్తా" అన్నాడు.

ఆవిడ నడిచింది. యజమాని కళ్లజోడు ఫ్రేము అలవాటుకొద్దీ మెరిసింది. తలుపులు మాత్రం మెరిస్తే ఒట్టు. ఆవిడ వెనక్కి తిరిగి మళ్లీ నడిచింది. ఒక్కో తలుపు ముందూ ఆగి, మొహంలో మొహం పెట్టి చూసింది. చెక్క చెక్కలాగే ఉంది.

కోడలి మొహం పాలిపోయింది. "నాకూ మెరవకపోతే అత్తయ్యా?"

"నడువు ముందు."

కోడలు అడుగుపెట్టింది. మొదటి తలుపు మెరిసింది. దాని పక్కది మెరిసింది. వరస చివరిదాకా ఒకదాని వెనక ఒకటి తళుక్కుమన్నాయి. కోడలు అక్కడే నిలబడి రెండు చేతుల్తో మొహం కప్పుకుని ఏడ్చింది.

"మిల్లు నీదేనమ్మా" అన్నాడు యజమాని.

ఆ మాట వినడానికి మిల్లత్త అక్కడ లేదు. మోకాళ్ల సంగతే మర్చిపోయి గుమ్మందాకా పరిగెత్తి, సంచులు కుట్టేవాళ్లందరికీ వినపడేలా కేకేసింది.

"రండర్రా, వచ్చి చూడండి! ఎదురుగా నిలబడ్డా నన్ను గుర్తుపట్టలేదు! ఒక్కటంటే ఒక్క తలుపు కూడా గుర్తుపట్టలేదు!"