నాలో లేని మాటలు

“ఒక్కసారి ఏనుగన్నానురా చక్రీ. దానికింత రాద్ధాంతమా?”

“ఒక్కసారి కాదమ్మా, పొద్దున్నుంచి ఇది మూడోసారి. ఓలిఫాంట్ అనమన్నానా లేదా?”

“నా కట్టుడు పళ్ళకి ఆ మాట నిలవదు నాయనా. మాటతోపాటు పళ్ళూ బయటికొస్తాయి.”

“అయితే ఏమీ అనకు. వేలుపెట్టి చూపించి ఊరుకో.”

ఈ వాదన మొదలై అప్పటికే అరగంట అయింది. బల్లమీద ఇడ్లీలు చల్లారిపోయాయి. బొమ్మల పుస్తకం ఒళ్ళో పెట్టుకున్న నాలుగేళ్ళ మేఖల నాన్నమ్మ వైపు ఒకసారి, నాన్న వైపు ఒకసారి చూసి పుస్తకం మూసేసింది. అది గమనించింది ఇద్దరమే. వాళ్ళమ్మ హైమ, నేను.

నేను ఒక నోటుబుక్కును. రెండువందల పేజీల లాంగు సైజు, గట్టి అట్ట. గోదావరి ఒడ్డున ఒక మిల్లులో గుజ్జుగా ఉడికి, కాగితమై, బెజవాడలో ఒక సందులో రూళ్ళు గీయించుకుని, కుట్టు వేయించుకున్నాను. మీద ఏం రాయాలో కాగితాన్ని అడిగి రాసినవాళ్ళు లేరు. నన్ను మొదట కొన్నది ఈ రాజ్యం గారే, చక్రధర్ తల్లి. కొడుకు ఉద్యోగం చేస్తున్న డచ్చివాళ్ళ ఊరు ఐండ్‌హోవెన్‌కి మూడు నెలల వీసా మీద వస్తూ, తీరిగ్గా రామకోటి రాసుకుందామని నన్ను సూట్‌కేసులో పచ్చడి సీసాల మధ్య సర్దింది. నాలుగు పేజీలు రాసింది కూడా. ఐదో పేజీ దగ్గర కొడుకు నన్ను అడిగి తీసుకున్నాడు. అలా శ్రీరాముడి పక్క పేజీలోకి ఫ్లెమింగో వచ్చింది.

కారణం మేఖల. బడిలో చేరి మూడు నెలలైనా ఆ పిల్ల నోరు విప్పడం లేదని టీచరు చక్రధర్‌ని పిలిపించింది. “ఇంట్లో పాపతో బాగా మాట్లాడండి. ఎంత ఎక్కువ మాట్లాడితే అంత మంచిది” అంది. ఏ భాషలోనో ఆవిడ చెప్పలేదు, ఇతను అడగలేదు. ఇంటిముందు బస్సు దిగేలోపే తీర్మానం అయిపోయింది. ఇంట్లో ఇక తెలుగు బంద్, పాపతో అందరూ డచ్చిలోనే మాట్లాడాలి.

చక్రధర్ చెడ్డవాడు కాడు. రెండేళ్ళు హాస్టల్లో బిట్లు బట్టీపట్టి ఎంసెట్ గట్టెక్కినవాడు. ఎంత కష్టానికైనా ఒక సిలబస్ ఉంటుందనీ, ముఖ్యమైన ప్రశ్నలు ముందే పట్టుకుంటే చాలనీ అతని నమ్మకం. అందుకని ఒక పరీక్ష పెట్టాడు. నాలుగు వారాల తర్వాత ఆదివారం అందరం జూకి వెళ్ళాలి. అక్కడ కనపడిన ప్రతి జంతువు గురించీ పాపకి డచ్చిలో చెప్పాలి. జూ మ్యాపు ప్రింటు తీసి నా అట్టలోపల అంటించాడు. గేటు దగ్గర మొదలుపెట్టి, దారిలో ఏది ముందొస్తే దానికి ముందు పేజీ. ఒక్కో జంతువుకి మూడు వాక్యాలు: ఇదేమిటి, ఎలా ఉంటుంది, ఏం తింటుంది. ఇంగ్లీషులో ‘ది’ లాగా, డచ్చి పేరుకి ముందు ‘ద’ రావాలో ‘హెట్’ రావాలో రెండు రంగుల సిరాతో రాశాడు. దేనికి ఏది వస్తుందో చెప్పడానికి పెద్దగా సూత్రాలేం లేవు, బట్టీపట్టాల్సిందేనని పెళ్ళానికి చెప్పేటప్పుడు అతని మొహం చూడాలి, చదువుకునే రోజులు మళ్ళీ వచ్చినంత వెలుగు.

హైమ బట్టీపట్టింది. పప్పు కుక్కర్లో పెట్టి నన్ను పొయ్యి పక్కన నిలబెట్టుకుని, “డిట్ ఇస్ హెట్ నైల్‌పార్ట్” అంటూ నీటిగుర్రాన్ని పదిసార్లు పిలిచేది. నా ముప్ఫయ్యో పేజీ మీద ఇప్పటికీ పసుపు వేలిముద్ర ఉంది.

నేను ఆ ఇంటికి వచ్చిన కొత్తలో హైమ వాగుడుకాయ. పిల్లకి నీళ్ళు పోస్తే ఒక కథ, జడ వేస్తే ఇంకో కథ. “ఈ జుట్టు చూడమ్మా, అచ్చం మీ మేనత్త జుట్టే, మాట వినదు” అనేది. ముద్ద పెట్టేటప్పుడు పక్కింటి పిల్లికి పెళ్ళి సంబంధాలు చూసేది. పెళ్ళికొడుకు ఎవరని పిల్ల అడిగేది. అవును, ఆ పిల్ల అడిగేది. మాటలు తక్కువే, పొట్టివే, కానీ ఇంట్లో ఉండేవి. రూలు వచ్చాక హైమ దగ్గర నాలో ఉన్న మాటలే మిగిలాయి. నీళ్ళు పోస్తూ “కోం” అనేది, రమ్మని. ముద్ద చేతిలో పట్టుకుని “మొంట్ ఓపెన్” అనేది, నోరు తెరవమని. పిల్ల తెరిచేది, మింగేది. పిల్లి పెళ్ళి ఆగిపోయింది. రెండోవారానికి మేఖల ఇంట్లో కూడా ఏమీ అడగడం మానేసింది. నా పేజీలు నిండుతున్న కొద్దీ ఆ ఇంట్లో చప్పుడు తగ్గింది. చక్రధర్ మాత్రం శనివారం శనివారం నన్ను తిరగేసి, “ఇంప్రూవ్‌మెంట్ ఉంది” అనేవాడు.

జూకి వెళ్ళిన రోజు సన్నటి వాన. గేటు దాటగానే మొదటి దెబ్బ తగిలింది. మరమ్మతులని కుడివైపు దారి మూసేశారు. అందరినీ ఎడమకి పంపుతున్నారు. అంటే నా చివరి పేజీలు ముందొచ్చాయి. ఫ్లెమింగో రావాల్సిన చోట ఎలుగుబంటి నిలబడింది. హైమ గొడుగు మెడకింద నొక్కిపట్టి నన్ను వెనక నుంచి తిప్పడం మొదలెట్టింది. ఎలుగు పేజీ దొరికేసరికి ఎలుగు గుహలోకి వెళ్ళిపోయింది. తోడేలు వాక్యాలు మూడూ అప్పజెప్పేసరికి వాళ్ళు పులి ముందున్నారు.

“వరసలో రావట్లేదేంటండీ ఇవి” అంది హైమ.

“డచ్చి, డచ్చి” అన్నాడు చక్రధర్ మెల్లగా.

వెనక రాజ్యం గారు రెయిన్‌కోటులో, నోరు మూసుకుని, వచ్చిన ప్రతి జంతువునీ వేలుపెట్టి చూపిస్తూ నడిచింది.

వాన పెరిగితే అందరూ దగ్గర్లో ఉన్న తలుపు తోసుకుని లోపలికి దూరారు. అది గబ్బిలాల గది. లోపల దాదాపు చీకటి, వేడి, మాగిన పళ్ళ వాసన. గబ్బిలాలు బోనులో లేవు, వదిలేసి ఉన్నాయి. గబ్బిలాన్ని చక్రధర్ చాయిస్‌లో వదిలేశాడు, నాలో దానికి పేజీ లేదు. పెద్ద రెక్క ఒకటి మేఖల చెవి పక్కనుంచి కొట్టుకుంటూ పోయింది. ఆ పిల్ల అరవలేదు. రెండు చేతులతో అమ్మ చీర కుచ్చిళ్ళు పట్టుకుని తల పైకెత్తింది. అమ్మ నోటి వైపే చూస్తోంది.

హైమ నోరు తెరిచింది. భర్త వైపు చూసింది. తర్వాత నన్ను తెరిచింది. ఆ చీకట్లో, ఫోను వెలుగు పట్టి, భయపడకు అన్న మాట కోసం నా పేజీలు తిప్పింది. నాలో ఏముంది? జిరాఫీ మెడ పొడవు. కోతి పళ్ళు తింటుంది. పులికి చారలుంటాయి. నాకే గనక గొంతుంటే ఆ క్షణాన, నన్ను కింద పారేసి పిల్లనెత్తుకోమని అరిచేదాన్ని. ఆమె ఇంకో పేజీ తిప్పింది.

మేఖల కాసేపు చూసింది. తర్వాత చూపు దించుకుని, కుచ్చిళ్ళు వదిలేసింది.

పక్కనున్న ఒక డచ్చి ముసలావిడ మోకాళ్ళు వంచి కూర్చుని, పిల్ల చెవిలో ఏదో చెప్పింది. పొడుగ్గా, మెత్తగా, ఆగకుండా చెప్పింది. చెయ్యి చాచింది. మేఖల ఆ చెయ్యి పట్టుకుని ఆవిడతో వెలుతుర్లోకి నడిచింది.

“చూశావా! డచ్చిలో చెబితే ఎలా విందో!” అన్నాడు చక్రధర్, నిజమైన సంతోషంతో.

ఆ తర్వాత ఆ ఇంట్లో నేను ఎక్కువ రోజులు లేను. రామనామం చెత్తలో పడకూడదని రాజ్యం గారు మొదటి నాలుగు పేజీలూ జాగ్రత్తగా చించుకుని తీసుకుంది. మిగిలిన నేను వీధి చివర పాత కాగితాల డబ్బాలో, పిజ్జా అట్టల కింద, బండి కోసం చూస్తున్నాను. మళ్ళీ గుజ్జునవుతాను. నన్ను పడేసే నాటికి ఆ పిల్ల మాట్లాడుతోందా అంటే, అబద్ధం చెప్పను, లేదు. పోయిన మాట అంత తొందరగా తిరిగొచ్చేలా లేదు. నేను చెప్పగలిగింది ఆ మధ్యాహ్నం జరిగింది మాత్రమే.

వాన వెలిశాక రేకు కప్పు కింద బెంచీ మీద కూర్చున్నారు. రాజ్యం గారు డబ్బా విప్పి పులిహోర నాలుగు ప్లేట్లలో పెట్టింది. చక్రధర్ నన్ను తీసుకుని, గబ్బిలానికి ‘ద’ వస్తుందో ‘హెట్’ వస్తుందో ఫోనులో వెతుకుతున్నాడు.

“ఆవిడ పాపకి ఏం చెప్పిందండీ?” అంది హైమ.

“పూర్తిగా అర్థం కాలేదు. భయం లేదనో ఏదో.”

“నేనేం చెప్పానో విన్నారా?”

“వినలేదు. ఏం చెప్పావ్?”

“ఏమీ చెప్పలేదు.”

అతను తలెత్తాడు. రాజ్యం గారి చేతిలో గరిటె ఆగింది. మేఖల ప్లేట్లో పల్లీలు ఏరి పక్కన పెడుతోంది. హైమ పిల్ల వీపు మీద చెయ్యి వేసి, గొంతు పెంచకుండా, ముగ్గురికీ వినపడేలా అంది:

“డచ్చి క్లాసుకి నేను వెళ్తాను, నాకోసం నేర్చుకుంటాను. పాపతో మాత్రం ఇకమీదట తెలుగే మాట్లాడతాను. అత్తయ్యా, మీరూ మాట్లాడండి.”